మూడో ట్యూబు కొనే ముందు

"అన్నా, ఇది ఇంకోటి ఇయ్యి" అంటూ ఫోను నా ముందుకు జరిపాడు ఒకాయన. ఫోనులో, పిండి పిండి ఖాళీ చేసిన ట్యూబు ఫొటో, మర్మాంగం దగ్గర దురదకు రాసేది. ఆటో నడిపే మనిషి, 45 దాకా ఉంటాయి. రెండు నెలల్లో ఇది మూడో ట్యూబు. "తగ్గిందనుకుంటానే మళ్లా వస్తాది. ఎండలకి ఉష్ణం చేసిండాది" అన్నాడు. ఒక క్షణం ఆగి, అటూ ఇటూ చూసి, గొంతు ఇంకా తగ్గించాడు. "లేదంటే మా ఇంటామె దగ్గర్నుంచి ఏమన్నా అంటుకుందేమో."

తిరుపతిలో మందుల షాపు కౌంటరు వెనక పద్దెనిమిదేళ్లు నిలబడినవాణ్ని. ఈ బేరం ఎప్పుడూ ఇలాగే నడుస్తుంది. మగవాళ్లు జనం లేని వేళ చూసుకుని వస్తారు, మందు పేరు నోటితో చెప్పరు. ఆడవాళ్లు పిల్లల దగ్గు సిరప్పు కొని, చిల్లర తీసుకునేటప్పుడు, "ఆడ కొంచిం నవగా ఉండాదన్నా" అని ఊరుకుంటారు. ఎక్కడ, ఎన్నాళ్లుగా, తెల్లబట్ట ఉందా, వాసన ఉందా అని అడిగేలోపే వెళ్లిపోతారు.

ఉష్ణం అన్న ఆ ఒక్క మాట చాటున మా పక్క అరడజను జబ్బులు దాక్కుంటాయి. గజ్జల్లో తామర, మూత్రంలో ఇన్ఫెక్షన్, చెమటకు తొడలు ఒరుసుకుపోవడం, ఆడవాళ్ల తెల్లబట్ట, మగవాళ్లకు మర్మాంగం చివర ఎర్రబడి పగలడం, అన్నిటికీ ఒకే పేరు. వైద్యమూ ఒకటే: మజ్జిగ, సబ్జా గింజలు, ఒక ట్యూబు. ఎండకు ఏ పాత్రా లేదని కాదు. కత్తిరి రోజుల్లో 40 డిగ్రీలు దాటిన ఎండలో రెగ్జిన్ సీటు మీద పొద్దంతా కూర్చుంటే గజ్జలు ఆరవు. ఆరని మడత ఫంగస్‌కు ఇష్టమైన చోటు. అంతవరకే. ఒంట్లో వేడి పెరిగి పుట్టే జబ్బు కాదిది. చలవ చేసేవి తాగితే దాహం తీరుతుంది, దురద తీరదు.

చాలాసార్లు ఈ మర్మావయవాల దురదకు కారణం కాండిడా అనే ఈస్టు, అంటే ఒక రకం ఫంగస్. బయట నుంచి వచ్చి మీద పడేది కాదు. మన నోట్లో, పేగుల్లో, చర్మం మడతల్లో ఎప్పుడూ ఉండేదే. ఏ బాధా లేని ఆడవాళ్లలో కూడా పదిమందిలో ఒకరిద్దరి యోనిలో చడీచప్పుడు లేకుండా ఉంటుంది. దాన్ని అదుపులో పెట్టేవి అక్కడే ఉండే లాక్టోబాసిల్లస్ బ్యాక్టీరియా. పాలను పెరుగు చేసే బ్యాక్టీరియాకు ఇవి దాయాదులు. ఈస్ట్రోజెన్ హార్మోను వల్ల యోని గోడల్లో ఒక రకం పిండి పదార్థం చేరుతుంది. దాన్ని వాడుకుని ఈ బ్యాక్టీరియా లాక్టిక్ ఆమ్లం తయారు చేస్తాయి, లోపలంతా పుల్లగా ఉంచుతాయి. చాలా క్రిములు ఆ పులుపుకు బతకలేవు. కాండిడా మాత్రం బతుకుతుంది, కాకపోతే కాపలా గట్టిగా ఉన్నన్నాళ్లు తల ఎత్తదు.

ఆ కాపలా సడలడానికి కారణాలు వెతికితే ఎక్కువమంది కథ తేలిపోతుంది. గొంతునొప్పికో పంటినొప్పికో వారం రోజులు యాంటీబయాటిక్ వాడారా? ఆ మందు చెడ్డ బ్యాక్టీరియాతో పాటు కాపలా బ్యాక్టీరియానూ చంపుతుంది. ఈస్టు మీద ఆ మందు ఆటలు సాగవు, చోటు ఈస్టుకు ఖాళీ అవుతుంది. గర్భంతో ఉన్నారా? ఈస్ట్రోజెన్ పెరిగి ఈస్టుకు తిండి పెరుగుతుంది. స్టెరాయిడ్ మాత్రలు వాడుతున్నారా, రోగనిరోధక శక్తి తగ్గిందా, షుగర్ ఉందా? షుగర్ దగ్గర మళ్లీ ఆగుదాం, అసలు కథ అక్కడే ఉంది.

ఇదే లెక్క వయసు గురించి కూడా ఒక మాట చెబుతుంది. రజస్వల కాని పిల్లల్లో, ముట్లుడిగిన పెద్దవాళ్లలో ఈస్ట్రోజెన్ తక్కువ కాబట్టి యోనిలో ఈస్టు అరుదు. ఎనిమిదేళ్ల పాపకు అక్కడ దురద అంటే నులిపురుగులో సబ్బు పడకపోవడమో ముందు అనుమానించాలి. అరవై ఏళ్ల అవ్వకు దురద అంటే షుగర్ ఉందేమో, చర్మం పొడిబారి పలచబడిందేమో, ఇంకేదైనా చర్మవ్యాధేమో డాక్టరు కళ్లతో చూడాలి. ఇద్దరికీ ఒకే ట్యూబు పూయడం మాత్రం తప్పు.

తెల్లబట్ట సంగతి ఇంకో చిక్కు. అది కనబడగానే జబ్బు అనుకుంటారు. ఎముకలు కరిగి అలా పోతున్నాయని, అందుకే నడుం నొప్పి, నీరసం అని మా అమ్మమ్మ కాలం నుంచీ ఒక నమ్మకం. ఎముకలు కరగవు. నెల మధ్యలో గుడ్డు తెల్లసొనలా సాగే ద్రవం, ముట్టుకు ముందు కాస్త చిక్కగా తెల్లగా కనబడేది, గర్భంతో ఉన్నప్పుడు ఎక్కువయ్యేది, ఇవన్నీ శరీరం పని శరీరం చేసుకుంటోందనడానికి గుర్తులు. దురద, మంట, దుర్వాసన లేకుంటే దానికి మందు అక్కర్లేదు.

ఈస్టు తెల్లబట్ట అలా ఉండదు. విరిగిన పాల ముక్కల్లా గడ్డలు గడ్డలుగా ఉంటుంది. కొందరిలో నీళ్లలా కూడా ఉండొచ్చు. వాసన దాదాపు ఉండదు. నిద్ర పట్టనివ్వని దురద, ఎర్రబడి వాచిన చర్మం, గీరుకుంటే సన్నటి పగుళ్లు, కలయికలో నొప్పి. మూత్రం పోసేటప్పుడు మంట కూడా ఉంటుంది, కానీ అది లోపల కాదు, మూత్రం తగిలిన బయటి చర్మం మీద చిరచిర. మాటిమాటికీ మూత్రం రావడం, పొత్తికడుపులో నొప్పి, చలిజ్వరం ఉంటే అది మూత్రనాళాల ఇన్ఫెక్షన్ దారి. దాని మందు వేరు.

బూడిదరంగులో పలచగా, చేపల వాసనతో, దురద పెద్దగా లేకుండా అవుతుంటే అది ఈస్టు కాదు, బ్యాక్టీరియల్ వెజైనోసిస్ కావచ్చు. ఆకుపచ్చ పసుపు కలిసిన రంగులో, నురగతో, మంటతో అవుతుంటే ట్రైకోమోనాస్ అనే పరాన్నజీవి కావచ్చు. అది కలయిక వల్ల అంటేది, భార్యాభర్తలిద్దరూ ఒకేసారి మందు వాడాలి. ఈ రెంటికీ ఫంగస్ ట్యూబు ఎన్ని డబ్బాలు రాసినా దండగే. "నాకు తెలుసన్నా, పోయినసారి ఇదే వచ్చింది" అనేవాళ్లకు నేను ఒక అధ్యయనం సంగతి చెబుతుంటాను. అమెరికాలో 2002లో వెలువడింది. ఈస్టు ఇన్ఫెక్షనే అని తమంతట తాము తేల్చుకుని మందు కొన్న 95 మంది ఆడవాళ్లను పరీక్షించి చూస్తే, నిజంగా అదొక్కటే ఉన్నవాళ్లు మూడింట ఒక వంతు. చదువుకున్నవాళ్లూ, ఇదివరకు ఒకసారి వచ్చినవాళ్లూ కూడా అంచనాలో తప్పారు. తేల్చడం డాక్టరుకు కష్టమేమీ కాదు: ఒక చుక్క ద్రవం గాజుపలక మీద, పొటాషియం హైడ్రాక్సైడ్ చుక్క ఒకటి, మైక్రోస్కోపు కింద అయిదు నిమిషాలు.

నలుగురు ఆడవాళ్లలో ముగ్గురికి జీవితంలో ఒక్కసారైనా వచ్చే ఇన్ఫెక్షన్ ఇది. సిగ్గుపడాల్సింది ఏముందో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

మగవాళ్ల విషయానికి వస్తే, జనం మనసులో ఇది ఆడవాళ్ల జబ్బు. అందుకే మగవాడికి రాగానే ఎవరి దగ్గర్నుంచి అంటిందన్న అనుమానం మొదలవుతుంది. సుఖవ్యాధుల జాబితాలో కాండిడాను లెక్కించరు. పెళ్లికాని ఆడపిల్లకు వస్తుంది, భార్య చనిపోయి పదేళ్లయిన మనిషికీ వస్తుంది. భార్యకు ఇన్ఫెక్షన్ ఉన్నప్పుడు కలిస్తే మగవాడికి కాసేపు ఎర్రబడి దురద పెట్టవచ్చు. అంతమాత్రాన బాధ లేని భాగస్వామికి మందు అక్కర్లేదు. ఉన్నవాళ్లు వాడితే చాలు.

సున్తీ కాని మగవాళ్లలో ఇది ఎక్కువ. ముందు చర్మం కింద తడి నిలుస్తుంది, గాలి తగలదు. ఎర్రటి చుక్కలు, మెరిసే ఎర్రటి మచ్చలు, పెరుగు తరకలా తెల్లటి పొర, దురద, మంట. ముదిరితే ఆ చర్మం అంచు చుట్టూ బ్లేడుతో గీసినట్టు పగుళ్లు, వెనక్కి లాగితే నొప్పి. రాను రాను అది బిగుసుకుపోయి వెనక్కే పోదు. నా మాట ఒకటి గుర్తుంచుకోండి: నడివయసు మగవాడికి ఆ చర్మం పగులుతూ బిగుసుకుంటోందంటే, ట్యూబు కంటే ముందు రక్తపరీక్ష. షుగర్ ఉందని మొదటిసారి అలా బయటపడ్డవాళ్లు ఎందరో.

మగవాళ్లలోనూ అన్నీ ఈస్టు కాదు. గజ్జల్లో గుండ్రంగా పాకుతూ, అంచు ఎర్రగా లేచి, మధ్యలో మాని ఉంటే అది తామర. తామర సాధారణంగా వృషణాల సంచిని వదిలేస్తుంది, కాండిడా దాన్నీ పట్టుకుంటుంది. ఏదో నొప్పి మాత్రో యాంటీబయాటిక్కో వేసుకున్న ప్రతిసారీ అదే చోట నల్లటి గుండ్రటి మచ్చ లేస్తుంటే అది ఆ మాత్ర పడకపోవడం. నొప్పి లేని పుండు, నీటిపొక్కులు, ఎన్నాళ్లకూ మానని గడ్డ అయితే షాపు గడప తొక్కకుండా నేరుగా డాక్టరు దగ్గరికే పోవాలి.

ఇక షుగర్. రక్తంలో చక్కెర పెరిగితే చెమటలోనూ మూత్రంలోనూ చేరుతుంది. ఈస్టుకు దానికి మించిన విందు లేదు. ఇంకోపక్క పెరిగిన చక్కెర తెల్ల రక్తకణాల పోరాట శక్తిని తగ్గిస్తుంది. తిండి పెట్టేదీ అదే, కాపలా తీసేసేదీ అదే. ఫంగస్ మందు వాడితే తగ్గుతుంది, చక్కెర అలాగే ఉంటే నెలకే తిరిగొస్తుంది.

ఈ మధ్య ఇందులో ఒక కొత్త మలుపు వచ్చింది. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ అనే షుగర్ మాత్రలు. మొదటిదాని పేటెంటు మన దేశంలో 2020లో ముగిసింది, ధర పడిపోయింది. ఇప్పుడు మా కౌంటర్లో వచ్చే షుగర్ చీటీల్లో చాలావాటిలో ఇది ఉంటుంది. మంచి మందు, గుండెకూ కిడ్నీలకూ మేలు చేస్తుంది. అయితే అది పనిచేసే తీరే మూత్రం ద్వారా చక్కెరను బయటకు తోసేయడం. రోజుకు దాదాపు 70 గ్రాములు, అంటే గుప్పెడు చక్కెర. ఈ మాత్రలు వాడేవాళ్లలో మర్మావయవాల ఫంగస్ మూడు నాలుగు రెట్లు ఎక్కువ. మందు రాసేటప్పుడు ఈ ముక్క చెప్పే తీరిక ఓపీల్లో దొరకదు. చెప్పకపోతే రోగి దురదకు ట్యూబు కొంటూనే ఉంటాడు, లేదా విసుగొచ్చి మాత్ర మానేస్తాడు. రెండూ నష్టమే. చేయాల్సింది చిన్న పని: మూత్రం పోసుకున్న ప్రతిసారీ నీళ్లతో కడిగి, మెత్తటి గుడ్డతో అద్ది ఆరబెట్టుకోవడం. మగవాళ్లయితే ముందు చర్మం వెనక్కి లాగి కడిగి, ఆరాక మళ్లీ ముందుకు తేవాలి. అయినా తిరగబెడుతుంటే మాత్ర మార్చాలో వద్దో డాక్టరు తేలుస్తారు. మర్మావయవాల దగ్గర, మలద్వారం దగ్గర విపరీతమైన నొప్పి, వాపు, జ్వరం వస్తే మాత్రం గంటలు లెక్కబెట్టకుండా పెద్దాసుపత్రికి పరుగెత్తాలి. చర్మం కింది కండను కుళ్లబెట్టే అరుదైన ఇన్ఫెక్షన్ ఒకటుంది. ఈ మాత్రల విషయంలో దాని గురించి అమెరికా మందుల నియంత్రణ సంస్థ 2018లోనే హెచ్చరించింది.

ఇప్పుడు నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. ఆ ఫొటోలో ట్యూబు లాంటివి నేను వందల కొద్దీ అమ్మాను. ఒకే ట్యూబులో ఫంగస్ మందు, బ్యాక్టీరియా మందు, వాటితో పాటు క్లోబెటసాల్ లాంటి ఘాటైన స్టెరాయిడ్. రాసిన రెండో రోజుకు దురద మాయం. కొన్నవాడు సంతోషిస్తాడు, అమ్మినవాడికి మంచిపేరు. స్టెరాయిడ్ చేసింది ఏమిటంటే, ఒళ్లు చేసే అల్లరిని నోరు మూయించడం. ఎరుపు పోతుంది, ఫంగస్ పోదు. నిశ్శబ్దంగా ఇంకా లోపలికి, ఇంకా వెడల్పుగా పాకుతుంది. మానేయగానే ముందుకంటే రెట్టింపై లేస్తుంది. నెలలు రాస్తే గజ్జల చర్మం పలచబడి, పోని చారలు పడతాయి. దేశమంతా మందుకు లొంగని తామర పెరగడంలో ఈ ట్యూబుల పాత్ర ఎంతో చర్మవైద్యులు ఏళ్లుగా మొత్తుకుంటున్నారు. ఇలాంటి స్టెరాయిడ్ క్రీములు డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదని 2018లో నిబంధన వచ్చింది. నిబంధన వచ్చినా మా వీధుల్లో అడిగితే దొరుకుతాయి. ట్యూబు మీద పేర్లలో "సాల్" అనో "సోన్" అనో ముగిసేది కనబడితే స్టెరాయిడ్ అయ్యుండొచ్చని అనుమానించండి. క్లోట్రిమజోల్ వంటివి కాదు, క్లోబెటసాల్, బీటామెథసోన్, మొమెటసోన్ లాంటివి చూడాలి.

నిజానికి సాదా ఈస్టుకు మందు చాలా సాదాది. ఆడవాళ్లకు క్లోట్రిమజోల్, లోపల పెట్టుకునే మాత్ర. 500 మిల్లీగ్రాములైతే ఒక్క రాత్రి, 100 అయితే ఆరేడు రాత్రులు. (నీళ్లతో మింగేసినవాళ్లను ఇద్దరిని చూశాను, తప్పు వాళ్లది కాదు, కవరులో వేసి ఇచ్చి ఊరుకున్న మాది.) లేదా నోటి ద్వారా ఫ్లూకోనజోల్ 150, ఒకే ఒక్క మాత్ర. మగవాళ్లకు క్లోట్రిమజోల్ క్రీము రోజుకు రెండుసార్లు, ఒకటి రెండు వారాలు, ఎర్రదనం పోయాక కూడా కొన్నాళ్లు. గర్భిణులు ఫ్లూకోనజోల్ మాత్ర సొంతంగా వేసుకోకూడదు. వాళ్లకు లోపల పెట్టుకునే మందే, ఏడు రోజులు, అదీ డాక్టరు చెప్పాకే. రక్తాన్ని పలచబరిచే వార్ఫారిన్ గానీ, గ్లిమెపిరైడ్ లాంటి షుగర్ మాత్రలు గానీ వాడేవాళ్లు ఆ సంగతి చెప్పకుండా ఫ్లూకోనజోల్ కొనకూడదు, వాటి ప్రభావం పెరిగి ప్రమాదం తెస్తుంది. నూనె కలిసిన క్రీములు కండోమ్ రబ్బరును బలహీనపరుస్తాయి, ఆ నాలుగు రోజులు దాన్ని నమ్ముకోవద్దు.

ఏడాదిలో మూడుసార్లు, అంతకు మించి వస్తే లెక్క మారుతుంది. అప్పుడు నమూనా పరీక్షకు పంపి అది ఏ రకం ఈస్టో చూస్తారు. గ్లాబ్రాటా అనే రకం మామూలు మందులకు సరిగా లొంగదు. దానికి బోరిక్ యాసిడ్ 600 మిల్లీగ్రాముల క్యాప్సూల్ యోనిలో పెట్టే చికిత్స ఉంది. క్యారమ్ బోర్డు మీద చల్లే పొడి ఇదే కదా అని ఇంట్లో ప్రయోగం చేయకండి, నోట్లోకి పోతే విషం, గర్భిణులకు అసలు వద్దు. మామూలు రకమే తిరగబెడుతుంటే మూడేసి రోజులకొకటి చొప్పున మూడు ఫ్లూకోనజోల్ మాత్రలు, తర్వాత వారానికొకటి ఆరు నెలలు వేయిస్తారు. షుగర్ పరీక్షతో పాటు హెచ్ఐవీ పరీక్ష కూడా చేయించమంటే కోపం తెచ్చుకోకండి, రోగనిరోధక శక్తి తగ్గిందేమో చూడడానికది.

రాకుండా చూసుకోవడంలో పెద్ద రహస్యమేదీ లేదు, పొడిగా ఉంచడమే. కానీ మన ఇళ్లలో అదే కష్టం. తీగ మీద ఆడవాళ్ల లోదుస్తులు ఎక్కడ ఆరతాయో చూడండి: చీర కింద, తువ్వాలు చాటున, ఎండ తగలని మూలలో. సగం తడితోనే ఒంటి మీదికొస్తాయి. సీజన్‌లో మామిడి గుజ్జు ఫ్యాక్టరీల్లో పొద్దున్నుంచీ నీళ్లలో నిలబడే ఆడవాళ్లకు మార్చుకునే బట్టా చోటూ రెండూ ఉండవు. అలిపిరి నుంచి మూడున్నర వేల మెట్లెక్కి, పుష్కరిణిలో మునిగి, ఆ తడి బట్టలతోనే క్యూలో గంటలు నిలబడే భక్తుల్లో షుగర్ ఉన్నవాళ్లు తక్కువేమీ కాదు. సంచిలో ఒక పొడి జత వేసుకోవడం దేవుడు తప్పుపట్టే పని కాదు. వదులైన నూలు లోదుస్తులు, రాత్రి పూట లుంగీ లేదా నైటీ మాత్రమే, ముట్టు రోజుల్లో నాలుగైదు గంటలకొక ప్యాడ్ మార్పు, కడుక్కునేది ముందు నుంచి వెనక్కి. లోపల కడగొద్దు. యాంటీసెప్టిక్ లోషన్, సువాసన వాష్, సబ్బు నురగ, పెరుగు, వేపాకు కషాయం, ఏదీ యోని లోపలికి పోకూడదు. శుభ్రం అనుకుని చేసే ఆ కడుగుడే కాపలా బ్యాక్టీరియాను కొట్టుకుపోయేలా చేస్తుంది. బయట మామూలు నీళ్లు చాలు.

పోవాల్సిన చోటు గురించి కూడా ఒక మాట. తిరుపతిలో రుయా ప్రభుత్వాసుపత్రిలో చర్మవ్యాధుల ఓపీ ఉంది, ఆడవాళ్లకు ప్రసూతి ఆసుపత్రి ఉంది. పెద్ద ప్రభుత్వాసుపత్రుల్లో సురక్ష క్లినిక్ అని ఉంటుంది, మందులు ఉచితం, పేరు బయటపెట్టరు. తెల్లబట్టకు అక్కడిచ్చే ఆకుపచ్చ ప్యాకెట్లో సెక్నిడజోల్, ఫ్లూకోనజోల్ రెండూ కలిసి ఉంటాయి. లక్షణాలను బట్టి రెండు మూడు జబ్బులను ఒకేసారి కవర్ చేసే పద్ధతి అది. మొదటిసారి వచ్చినవాళ్లు, గర్భిణులు, పదహారేళ్ల లోపువాళ్లు, జ్వరమో కడుపునొప్పో పుండో ఉన్నవాళ్లు, వారంలో తగ్గనివాళ్లు, రెండు నెలల్లో తిరగబెట్టినవాళ్లు షాపుకు కాదు, అక్కడికి పోవాలి.

ఆ ఆటో అన్నకు నేను మూడో ట్యూబు ఇవ్వలేదు. "రాత్రిపూట ఎన్నిసార్లు లేస్తావన్నా ఒంటికి పోయేదానికి?" అని అడిగాను. "నాలుగైదు సార్లు" అన్నాడు, ఇదేం ప్రశ్న అన్నట్టు. పక్క వీధిలో ల్యాబు చూపించాను. గంట తర్వాత కాగితం పట్టుకొచ్చాడు, షుగర్ 312. ఓపీకి పంపాను.

నెల దాటాక మళ్లీ వచ్చాడు, ఈసారి షుగర్ చీటీతో. ట్యూబు అడగలేదు. డబ్బులు లెక్కబెడుతుంటే వెనకాల నిలబడిన వాళ్లావిడ ముందుకొచ్చి నాతో అంది: "మూడు నెల్లు నా పక్కన పండుకోకుండా వాకిట్లో పండుకున్నాడన్నా, నా వల్ల వచ్చిందని. ఇప్పుడు అడగన్నా ఆయన్ని, ఎవురి వల్ల వచ్చిందో."